ఖాళీ మెమరీ మహాపాపం

'వాడని మెమరీ వృథా మెమరీ' అన్న మహావాక్యం పోయిన వారం నాకు కూడా ఉపదేశమైంది. పాత కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం నడుపుకొంటూ, 'అయ్యా, తమరు రాసిన చాట్ ప్రోగ్రాం ఏ పనీ చేయకుండా కూర్చుని 500 ఎంబీ తింటున్నది, కాస్త చూడండి' అని వినయంగా విన్నవించుకున్న ప్రతి అభాగ్యుడికీ చివరకు దక్కే తీర్థప్రసాదం ఇదే. ఉపదేశించిన యువకుడి కంప్యూటర్‌లో 32 జీబీ మెమరీ ఉన్నదని అతడే సెలవిచ్చాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, 32 జీబీ వాడికి 3 జీబీ వాడు ఎంత లోకువో ఆ సామెత పుట్టిన కాలంలో ఎవరూ ఊహించి ఉండరు.

గురువాక్యాన్ని ఊరికే విడిచిపెట్టకూడదు కనుక దానిని నిత్యజీవితానికి అన్వయించి చూశాను. వాడని మంచం వృథా మంచం కనుక మా ముందు గదిలోని మంచం మీద వీధిన పోయేవారిని పిలిచి పడుకోబెట్టాలి. నెలాఖరున ఖాతాలో మిగిలిన డబ్బు వృథా డబ్బు కనుక ఎవరో ఒకరు వచ్చి దానిని తీసుకుపోవాలి. అంబులెన్సు రావడానికి విడిచిన దారి వృథా దారి కనుక దానికి అడ్డంగా పెళ్లి పందిరి వేయాలి. ఈ చివరి అంశాన్ని మా వీధివారు ఏ గురువూ చెప్పకముందే ఆచరణలో పెట్టారు. అందుకు వారిని అభినందించకుండా ఉండలేను.

నిజానికి ఈ వాక్యం పుట్టింది సద్వంశంలోనే. లినక్స్‌కు గుండెకాయ వంటిది, మెమరీని అందరికీ పంచిపెట్టేది అయిన కెర్నెల్, ఖాళీ మెమరీని చూస్తూ కూర్చోదు. డిస్కు నుంచి ఒకసారి చదివిన ఫైళ్ల నకళ్లను అందులో ఉంచుకుంటుంది, మళ్లీ అడిగితే డిస్కు దాకా పోకుండా అక్కడి నుంచే తీసి ఇస్తుంది. దీనినే పేజ్ కాష్ అంటారు. లినక్స్‌కు కొత్తగా వచ్చినవారు ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో 'ఫ్రీ' అని కొట్టి, 'ఫ్రీ' గడిలో ఉన్న అంకె మరీ చిన్నదిగా కనిపించగానే గుండెలు బాదుకునేవారు. అప్పుడు పెద్దలు, 'నాయనా, చూడవలసింది ఆ గడి కాదు, చివర ఉన్న అవైలబుల్ గడి. ఊరికే పడి ఉండడం ఎందుకని కెర్నెల్ దానిని వాడుకొంటున్నది, నీకు అవసరమైన క్షణంలో విడిచిపెడుతుంది' అని ధైర్యం చెప్పేవారు. ఎండకు అలసిన బాటసారి మన అరుగు మీద కూర్చుంటాడు. ఇంటివారు చాప పరచుకోవాలి అనగానే లేచి, కండువా దులుపుకొని వెళ్లిపోతాడు. వృథా అన్న మాట ఆ బాటసారి పక్షాన అన్న మాట.

దానిని ఇప్పుడు వల్లిస్తున్నది ఎవరయ్యా అంటే, అరుగు దాటి నట్టింట్లో మంచం వేసుకొని, లెమ్మంటే లేవకుండా, 'మీ ఇల్లు ఖాళీగా ఉండి ఏం సాధిస్తుంది' అని మనకే బోధించే ఇల్లరికపు అల్లుళ్లు. కెర్నెల్ తీసుకున్నది అడగగానే తిరిగి వచ్చే చేబదులు. ఈ ప్రోగ్రాములు తీసుకున్నది తమంతట తాము తిరిగి ఇచ్చిన పాపాన పోవు. ఇంకెవరికైనా చోటు కావలసి వస్తే కెర్నెలే ఆ సామానంతా మోసుకుపోయి డిస్కు మీద స్వాప్ అనే అదనపు చోటులో పడేయాలి, అల్లుడు గారు అడిగిన మరుక్షణం మళ్లీ మోసుకు రావాలి.

ఆ భోగం కూడా కొంచెం చెప్పుకోవాలి. ఈనాటి చాట్ ప్రోగ్రాములలో, నోట్సు రాసుకునే ప్రోగ్రాములలో చాలా వాటిని ఎలక్ట్రాన్ అనే చట్రం మీద కడుతున్నారు. ప్రతి ప్రోగ్రాంతోపాటు క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని, దాని పక్కన జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ జేఎస్‌ను మూట కట్టి పంపే ఏర్పాటు అది. ఇంట్లో బ్రౌజర్ ఎలాగూ ఉంటుంది. చాట్‌కు ఇంకొకటి, నోట్సుకు మరొకటి. ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు వంటిళ్లు కట్టి, మూడింటిలోనూ గ్యాసు వెలిగించి, తీరా చూస్తే మూడింటిలోనూ కాగుతున్నది గ్లాసెడు పాలు. 'శుభోదయం' అన్న మాట, కంప్యూటర్‌లో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, సరిగ్గా 21 బైట్లు. ఆ 21 బైట్లను నాకు చూపడానికి ఆ ప్రోగ్రాం అర జీబీ ఆక్రమిస్తుంది. వాటి వెనక మా బాబాయి పంపిన గులాబీ పువ్వు విచ్చుకునేసరికి మధ్యాహ్నమవుతుంది.

'ర్యామ్ కొనుక్కోవచ్చు కదా' అన్నది రెండో ఉపదేశం. కొన్నాను. నా ల్యాప్‌టాప్ 2007 నాటిది, ప్రాసెసర్ మాత్రం 64 బిట్లదే. రెండేసి జీబీల డీడీఆర్2 ముక్కలు రెండు తెచ్చి, స్క్రూలు విప్పి, ఏళ్లనాటి ధూళి ఊది, దిగ్విజయంగా బిగించాను. పెట్టింది 4 జీబీ, కనిపించింది 3 జీబీ చిల్లర. ప్రాసెసర్ ఎంత గొప్పదైనా, దానికీ మెమరీకీ మధ్య కూర్చున్న ఆ కాలపు చిప్‌సెట్ 32 బిట్లకు మించిన చిరునామా రాయలేదు కనుక దాని లోకం 4 జీబీతో సరి. ఆ నాలుగింటిలో పై భాగాన్ని గ్రాఫిక్స్, నెట్‌వర్క్ వంటి పరికరాల పేరిట ముందే రాసిచ్చేశారు. ఆ చోట పడిన ర్యామ్ పాతిపెట్టిన లంకెబిందెలా ఉన్నదే గానీ చేతికి రాదు. అసలు 32 బిట్ల యంత్రాలకే 1995 నాటి పెంటియం ప్రో ప్రాసెసర్‌తో పీఏఈ అనే ఉపాయం వచ్చింది. దానితో చిరునామా 36 బిట్లకు పెరిగి, తక్కినవన్నీ కలిసివస్తే 64 జీబీ దాకా అందుకోవచ్చు. అయితే అక్కడ కూడా ఒక్కొక్క ప్రోగ్రాంకు కనిపించే లోకం మామూలుగా 3 జీబీయే, మిగిలిన ఒక్క జీబీ కెర్నెల్‌ది. అందులోనూ కెర్నెల్ నేరుగా అందుకోగలిగేది 896 ఎంబీ. ఎంత ర్యామ్ పోస్తే అంతకంతకూ పెరిగే దాని లెక్కల పుస్తకాలు ఆ 896లోనే ఇమడాలి. ధాన్యం పెరిగే కొద్దీ గాదెను పద్దు పుస్తకాలే ఆక్రమించే వ్యవహారం ఇది. అంతా విన్న యువకుడు, 'అయితే కొత్త కంప్యూటర్ కొనండి' అన్నాడు. అది మూడో ఉపదేశం. నాలుగోది కూడా ఉండే ఉంటుంది గానీ నేను అడగలేదు.

మెమరీ నిండిన తరువాత జరిగే ఉత్సవాన్ని 32 జీబీ వారు చూసి ఉండరు కనుక వారి విజ్ఞానం కోసం వర్ణిస్తున్నాను. మొన్న సాయంత్రం నాలుగు ట్యాబులు, చాట్, ఒక పాట నడుస్తుండగా ఐదో ట్యాబు తెరిచాను. మొదట పాట తడబడింది. గాయకుడు ఒకే అక్షరాన్ని పట్టుకొని త్యాగరాజస్వామికి కూడా తోచని సంగతి ఒకటి వేయడం మొదలుపెట్టాడు. తరువాత హార్డ్ డిస్కు దీపం వెలిగింది, ఇక ఆరలేదు. లోపల ఎవరో తిరగలిలో కందులు పోసి విసురుతున్నట్టు గరగరమని చప్పుడు. మౌసును కుడివైపు జరిపితే బాణం గుర్తు కదలలేదు. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేసరికి అది కుడివైపు జరిగి ఉన్నది, అప్పటికి నాకు అది ఎడమవైపు కావలసి వచ్చింది. అనుభవజ్ఞుడిని కనుక, బొమ్మలు లేని అక్షరాల తెరకు మారడానికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కాను. మూడు నిమిషాల తరువాత నల్లని తెర ప్రత్యక్షమై నా పేరు అడిగింది. కొట్టాను. ఒక్కొక్క అక్షరం శకునం చూసుకొని బయలుదేరినట్టు వచ్చింది. నన్ను పాస్‌వర్డ్ అడిగే తీరిక దానికి చిక్కే లోపలే, '60 సెకన్లు దాటినందున లాగిన్ గడువు ముగిసినది' అని ప్రకటించి, మళ్లీ మొదటికి వెళ్లి నా పేరు అడిగింది. ఆలస్యం చేసింది అది, గడువు ముగిసింది నాకు. ఇలా నాలుగు సార్లు జరిగింది. నాలుగో సారికి నా పేరు మీద నాకే అనుమానం వచ్చింది.

ఇంతకూ లోపల జరుగుతున్నది ఏమిటంటే, చోటు చాలక కెర్నెల్ ఒక పేజీని, అంటే మెమరీలో ఒక చిన్న ముక్కను, డిస్కుకు పంపుతుంది. పంపీ పంపకముందే ప్రోగ్రాం ఆ పేజీయే కావాలంటుంది. దానిని తేవడానికి ఇంకొక పేజీని పంపాలి, మరుక్షణం అదీ కావలసి వస్తుంది. స్వాప్ మొత్తం తీసేసినా విముక్తి లేదు, ఎందుకంటే నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్‌నే, డిస్కు మీద అసలు ప్రతి ఎలాగూ ఉన్నదన్న ధీమాతో, మెమరీలో నుంచి తీసేసి మళ్లీ మళ్లీ చదువుకుంటూ ఉంటుంది. ప్రతి సారీ గుప్పెడు పేజీలు దొరుకుతున్నాయి కనుక పరిస్థితి అదుపులోనే ఉన్నదని దాని నమ్మకం. వరద నీరు నడుము దాటిన వేళల్లో ఇటువంటి ప్రకటనలు మనం వినే ఉన్నాం.

ఇక లాభం లేదని తెలిశాక ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ, అంటే మెమరీ అయిపోవడం) కిల్లర్ అనే తలారి రంగప్రవేశం చేస్తాడు. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ, ఎఫ్ మీటలు నొక్కి అతడిని మనమే ముందుగా పిలవవచ్చు గానీ, నేను వాడే లినక్స్‌లో ఆ దారిని మొదటి నుంచే మూసి ఉంచారు. తలారిని పిలిచే అధికారం ఇంటి యజమానికి లేదు. ఎవరెంత తిన్నారో లెక్క తీసి, ఎక్కువ తిన్నవాడిని నరకడం అతడి ధర్మం. న్యాయమే. అయితే ప్రతి ప్రాసెస్‌కూ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రాం ముక్కకూ, మైనస్ 1000 నుంచి 1000 దాకా ఒక సిఫారసు అంకె తగిలించే వీలున్నది. మైనస్ 1000 తెచ్చుకున్నవాడి జోలికి తలారి పోడు. అందులోనూ క్రోమియం మరీ గడుసుది. తన ట్యాబుల నుదుట 300, ఆపైన అంకెలు తానే రాసిపెట్టి, 'నరకదలచుకుంటే ముందు వీరిని కానివ్వండి' అని పిల్లలను ముందుకు తోసి తాను వెనక నిలబడుతుంది. మొన్న తెగిన తల నేను సగం నింపిన ఫారం ఉన్న ట్యాబుది. చాట్ క్షేమం.

ఇంత దాకా రానీయకుండా ముందే మేలుకొనే ఎర్లీ ఓఓఎం అనే కాపలాదారును 2020లో ఫెడోరా అనే లినక్స్ రకం 32వ విడుదల డెస్క్‌టాప్‌లో మొదటి నుంచే నిలబెట్టారు. పేజీలను కుదించి మెమరీలోనే ఒక మూల దాచే జెడ్‌ర్యామ్ 2014లోనే కెర్నెల్‌లో చేరింది. చిన్న ఇంట్లో పరుపులు చుట్టి అటక మీద పెట్టుకోవడం వంటిది. నేను రెండూ వాడుతున్నాను. పరుపు చుట్టి చోటు చేసిన ప్రతి సారీ అల్లుడు గారు కాళ్లు మరి కాస్త చాపుతున్నారు.

అసలు లినక్స్‌లోకి స్వాప్ ఎలా వచ్చిందో ఈ ఉపదేశకులు ఎప్పుడైనా చదివారా? 1991లో హెల్సింకీలో చదువుకొంటున్న లినస్ టోర్వాల్డ్స్ ఇంటెల్ 386 ప్రాసెసర్ ఉన్న తన యంత్రం కోసం కెర్నెల్ రాసుకొంటున్నాడు. తన దగ్గర 2 ఎంబీ మెమరీయే ఉన్నదని, రాసిన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ అందులో పట్టక కెర్నెల్‌ను కంపైల్ చేసుకోలేకపోతున్నానని జర్మనీ నుంచి ఒకరు మొర పెట్టుకున్నారు. టోర్వాల్డ్స్‌కు ఆ ఇబ్బంది లేదు, ఆ సదుపాయంతో అతడికి పనీ లేదు. అయినా ఆ క్రిస్మస్ రోజుల్లో కూర్చుని, పేజీలను డిస్కుకు పంపే విద్యను ఆ ఒక్క మనిషి కోసం కెర్నెల్‌కు నేర్పాడు. కొత్తది కొనుక్కోమని అనలేదు. ఈనాడు దానికి 1024 రెట్లు, 2 జీబీ, పట్టుకొని ఒక మనిషి వచ్చి మొర పెట్టుకుంటే, ఆ విద్య మీదనే బతుకుతున్నవారు అతడికి సూత్రాలు చదివి వినిపిస్తున్నారు. ఎవరి మెమరీని ఎవరు వృథా అంటున్నారు? మీరు కొన్నారా దానిని? అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే కనీసం ఎవరో ఒకరికి పుణ్యమైనా దక్కేది. మీరు చేస్తున్నది దానం కూడా కాదు, బద్ధకం.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపినప్పుడు, పాత కంప్యూటర్లను పారేయకండి, లినక్స్ వేసుకోండి అని ఊరూరా చాటింపు వేసింది మనమే. ఆ ఉత్సాహంలోనే మా ఊరి గ్రంథాలయానికి ఎవరో దానమిచ్చిన 2 జీబీ కంప్యూటర్‌లో నేను తేలికపాటి లినక్స్ వేసి ఇచ్చాను. డెస్క్‌టాప్ లేచేసరికి 400 ఎంబీ కూడా తినలేదని గ్రంథపాలకుడు గారికి గర్వంగా చూపించాను.

ఆ మరుసటి నెలలో ఇంటర్ చదివే కుర్రవాడు ఒకడు ఉపకార వేతనానికి దరఖాస్తు చేయడానికి వచ్చాడు. ఓటీపీ వాళ్ల అమ్మ ఫోన్‌కు వస్తుంది కనుక ఆవిడను ఆ పూట ఫోన్ లేకుండా కూలికి పంపి, దానిని జేబులో పెట్టుకొని వచ్చాడు. దరఖాస్తు పేజీ వెనక నీలి మేఘాలు కదులుతున్నాయి. వాటిని ఎవరు అడిగారో తెలియదు. పేరు, తండ్రి పేరు, ఆధార్ అంకె, బ్యాంకు ఖాతా, అన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు పట్టేంత. ఓటీపీ వచ్చింది. డిస్కు దీపం వెలిగింది. తిరగలి మొదలైంది. ఆరంకెలూ గడిలోకి చేరేసరికి గడువు ముగిసినదని ఎర్రని అక్షరాలు వచ్చాయి. రెండో సారీ అంతే. మూడో సారి కుర్రవాడు నా వైపు తిరిగి, 'సార్, నేనేమైనా తప్పు నొక్కానా?' అని అడిగాడు.

లేదు బాబూ, నువ్వేమీ తప్పు నొక్కలేదు అన్నాను.

గడువు ఆ సాయంత్రమే కావడంతో బస్టాండు పక్కన నెట్ సెంటర్‌కు వెళ్లి, 50 రూపాయలు ఇచ్చి, పని ముగించుకున్నాడు. గ్రంథపాలకుడు గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మానిటర్ ఆపి, దుమ్ము పడకుండా ఎప్పుడూ కప్పే పాత పంచెను మళ్లీ దాని మీద కప్పారు.