బేస్‌బాల్‌లో పొగాకు: పాత ఆటగాళ్లకిచ్చిన మినహాయింపు ఇక చాలు

అమెరికాలోని శాన్ డియేగో పాడ్రేస్ బేస్‌బాల్ జట్టుకు 20 సీజన్లు ఆడి, 3,141 హిట్లు సాధించి, ఎనిమిదిసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలుచుకున్న టోనీ గ్విన్ 2014 జూన్ 16న లాలాజల గ్రంథి క్యాన్సర్‌తో మరణించారు. అప్పటికి ఆయన వయసు 54. ఏళ్ల తరబడి బుగ్గలో ఉంచుకున్న పొగాకే తన జబ్బుకు కారణమని ఆయన నమ్మారు. ఆ గ్రంథికి వచ్చే క్యాన్సర్ విషయంలో వైద్యులు అంత నిశ్చయంగా చెప్పకపోవచ్చు గాని, నోరు, అన్నవాహిక, క్లోమం వీటికి వచ్చే క్యాన్సర్లకు నమిలే పొగాకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. గ్విన్ పోయిన రెండు నెలలకే పేరున్న పిచర్ (బంతి విసిరే ఆటగాడు) కర్ట్ షిల్లింగ్ తనకు నోటి క్యాన్సర్ వచ్చిందని వెల్లడించి, దానికి తన పొగాకు అలవాటే కారణమని చెప్పారు. వీరిద్దరికంటే ముందు, 1998లో చనిపోయిన బిల్ టటిల్ అనే ఔట్‌ఫీల్డర్, శస్త్రచికిత్సలతో రూపు మారిపోయిన ముఖంతోనే ఆటగాళ్ల ముందుకు వెళ్లి, ఈ అలవాటు మానండని చివరిదాకా వేడుకున్నారు.

ఇంత జరిగినా, అమెరికా బేస్‌బాల్‌లో అత్యున్నత పోటీ అయిన మేజర్ లీగ్ మైదానంలో పొగాకు ఇంకా పూర్తిగా అంతరించలేదు. అందుకు కారణం తెలియకపోవడం కాదు, కొత్తవారికి నిషేధం పెట్టి పాత ఆటగాళ్లను వదిలేసిన 2016 నాటి ఒక రాజీ. ఆ రాజీని ఇప్పుడు సరిచేయాలని నా అభిప్రాయం.

ఈ ఆటకూ పొగాకుకూ ఉన్న సంబంధం పాతది. దుమ్ము రేగే మైదానాల్లో నోరు ఎండిపోకుండా, ఉమ్మితో తోలు గ్లవ్‌ను మెత్తబరచడానికి పనికివస్తుందని తొలితరం ఆటగాళ్లు పొగాకు నమిలేవారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ల బొమ్మల కార్డులు పెట్టి అమ్మారు. మైదానాల కంచెల మీద ‘బుల్ డర్హమ్’ పొగాకు ఎద్దు బొమ్మ నిలబెట్టి, దానికి బంతి తగిలించిన ఆటగాడికి డబ్బు ఇస్తామన్నారు. 1971లో రేడియో, టీవీల్లో సిగరెట్ ప్రకటనలు ఆగిపోయాక పొగ రాని సరుకు ముందుకొచ్చింది. క్రీడాకారులే దాని ప్రకటనల్లో కనిపించారు. 1986లో ఆ ప్రకటనలనూ ప్రసారాల నుంచి చట్టం తొలగించింది. అయితే ప్రకటన ఆగినా ఆటగాడి కింది పెదవి వెనకున్న ఉబ్బు కెమెరాకు కనబడుతూనే ఉంది. దానికి కంపెనీ ఖర్చు కూడా లేదు.

1990లో ప్రచురితమైన ఒక అధ్యయనం మేజర్ లీగ్‌కూ, దాని కింది స్థాయి మైనర్ లీగులకూ చెందిన 1,100 మందికి పైగా ఆటగాళ్లను పరీక్షించింది. వారిలో పదిమందికి దాదాపు నలుగురు అంతకుముందు వారంలో ఈ పొగాకు వాడినవారే. అలా వాడినవారిలో సుమారు సగంమందికి నోటిలో తెల్లని మచ్చలు, అంటే క్యాన్సర్‌కు దారితీయగల మార్పులు కనిపించాయి. వాడనివారిలో ఆ మచ్చలు బహు అరుదు. దేహదారుఢ్యంలో దేశానికే ఆదర్శమనదగిన యువకుల నోళ్లలో కనబడిన సంగతి ఇది.

1993లో మైనర్ లీగుల్లో పొగాకును నిషేధించారు. అక్కడి ఆటగాళ్లకు అప్పట్లో యూనియన్ లేదు కాబట్టి ఎవరి సమ్మతీ అవసరం కాలేదు. మేజర్ లీగ్‌లో ఆటగాళ్లకు బలమైన యూనియన్ ఉంది. అందువల్ల లీగ్, యూనియన్ చేసుకున్న 2011 ఒప్పందం జేబులో డబ్బా కనబడకూడదు, టీవీ ఇంటర్వ్యూల్లో నమలకూడదు అన్నంతవరకే వెళ్లింది. 2016 నుంచి శాన్ ఫ్రాన్సిస్కో, బోస్టన్, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, షికాగో నగరాలు తమ మైదానాల్లో నిషేధం తెచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో లీగ్, యూనియన్ కలిసి కొత్తగా మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేవారికి నిషేధం విధించి, అప్పటికే ఆడుతున్నవారిని మాత్రం మినహాయించాయి.

ఇలాంటి మినహాయింపులు ఈ ఆటకు కొత్త కావు. 1920లో ఉమ్మి పూసిన బంతిని నిషేధించినప్పుడు, దానిపైనే ఆధారపడిన 17 మంది పిచర్లకు రిటైరయ్యేదాకా అనుమతి ఇచ్చారు. వారిలో చివరివాడైన బర్లీ గ్రైమ్స్ 1934 వరకూ ఆ బంతి వేశాడు. 1971లో బ్యాటింగ్ హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడూ పాతవారిని వదిలేశారు. కాని ఉమ్మి బంతి వల్ల పోతే ఎదుటి జట్టుకు పరుగులు పోతాయి. హెల్మెట్ లేకపోతే ఆ ఆటగాడి తలకే ప్రమాదం. పొగాకు అలా ఒకరితో ఆగేది కాదు, చూసినవారికి అంటుకునే అలవాటు అది. పైగా పదేళ్లకు పైగా లీగ్‌లో నిలిచిన ఆటగాడే ఆ జట్టులో అందరికన్నా పేరున్నవాడు. డగౌట్‌లో, అంటే మైదానం పక్కన జట్టు కూర్చునే చోట, కొత్తవారు అనుకరించేదీ, ఇంట్లో పిల్లలు చొక్కా మీద పేరు రాయించుకునేదీ అతనినే. మినహాయింపు సరిగ్గా అటువంటివారికే దక్కింది.

వయసొచ్చినవారి ఇష్టాన్ని ఎవరు కాదంటారని అడిగేవారున్నారు. ఇంట్లో, కారులో వారు ఏం చేసుకున్నా అది వారి ఇష్టమే. మైదానం వారి పనిచేసే చోటు. అంతేగాక 1993 నుంచి మైనర్ లీగుల్లో ఆ నిషేధాన్ని పాటిస్తున్నవారూ వయసొచ్చినవారే. బలహీనుడికి వర్తించిన నియమం బలవంతుడికి స్వేచ్ఛ పేరుతో సడలిపోవడం న్యాయమని నేను అనుకోను.

ఈ అలవాటు మానడం తేలికని మాత్రం నేననను. గ్విన్ దగ్గర కాలేజీలో ఆట నేర్చుకున్న ఆడిసన్ రీడ్, ఆయన పోయిన రోజునే తన పొగాకు డబ్బాలన్నీ పారేశాడు. మరో శిష్యుడు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ గురువుకు జబ్బు వచ్చాక 2011లో మానేస్తానన్నాడు, 2014లో మళ్లీ అదే మాట అనవలసి వచ్చింది. తిట్టడం వల్ల ఇది పోదు. నిషేధంతోపాటు చికిత్సా, తోడ్పాటూ జట్టు ఖర్చుతో అందాలి.

అమెరికాలో ఉంటున్న మన తెలుగువారికి ఇది పరాయి సంగతి కాదు. అరచేతిలో ఖైనీకి సున్నం కలిపి నలిపేది ఘాటు కోసమే కాదు, క్షారగుణం వల్ల నికోటిన్ నోటి పొరలోంచి త్వరగా రక్తంలో కలుస్తుంది. ఇక్కడ పెదవి వెనక పెట్టుకునే ‘డిప్’ అనే పొగాకులో ఆ పనికి ఫ్యాక్టరీలోనే క్షార లవణాలు కలుపుతారు. డబ్బా అందంగా ఉన్నంత మాత్రాన లోపలి సరుకు మారదు. 1996 క్రికెట్ ప్రపంచ కప్ సిగరెట్ పేరుతోనే జరగడం, నేటి ఐపీఎల్ ప్రసారాల మధ్య యాలకుల పేరిట పాన్ మసాలా కంపెనీలు కనిపించడం చూసిన మనకు, ఆట ప్రతిష్ఠను పొగాకు ఎలా వాడుకుంటుందో ఎవరూ వివరించనక్కరలేదు. అయినా పిల్లల బేస్‌బాల్ అయిన లిటిల్ లీగ్‌లో పిల్లవాడిని చేర్చేటప్పుడు బ్యాటు బరువూ గ్లవ్ కొలతా అడిగే మనం, కోచ్ నోట్లో ఏముందని అడగం.

ఇప్పుడు అడగవలసింది తెల్లని చిన్న నికోటిన్ సంచీల గురించి కూడా. వీటిలో ఆకు ఉండదు, ఉమ్మవలసిన పని ఉండదు, పెదవి కింద పెట్టుకుంటే పైకి తెలియదు. డిప్‌లోని క్యాన్సర్ కారకాలు వీటిలో చాలా తక్కువే కావచ్చు, పొగాకు మానాలనుకునే పెద్దవారికి ఉపయోగపడనూ వచ్చు. వాటిలో ఉన్నది మాత్రం అదే వ్యసనం. మేజర్ లీగ్ ఆటగాళ్లు వాటికి అలవాటు పడుతున్నకొద్దీ, ఆకును దృష్టిలో పెట్టుకుని రాసిన పాత నియమాలు వెనకబడుతున్నాయి.

2022లో కుదిరిన లీగ్–యూనియన్ ఒప్పందానికి 2026 డిసెంబర్ 1 వరకే గడువు. దాని తరువాతి ఒప్పందంలో 2016 నాటి మినహాయింపు ఉండకూడదు. మైదానంలోనూ డగౌట్‌లోనూ ఆటగాళ్లతోపాటు కోచ్‌లకూ నిషేధం వర్తించాలి, నికోటిన్ సంచీలను పేరుపెట్టి అందులో చేర్చాలి. మన తెలుగు సంఘాలు నిర్వహించే క్రికెట్, బేస్‌బాల్ పోటీల నియమావళిలో ఇదే మాట రాసుకోవడానికి ఆ ఒప్పందం కోసం ఎదురు చూడనక్కరలేదు, వచ్చే కార్యవర్గ సమావేశం చాలు.