విమానానికి సర్దిన పెట్టెలతో విదేశీ రైలెక్కితే

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పిల్లల్ని జర్మనీకో ఫ్రాన్స్‌కో చదువుకు పంపేటప్పుడు ఇంటిల్లిపాదీ పెట్టెల తూకం మీదే పడతారు. 23 కిలోలు దాటిందా లేదా, పచ్చడి సీసా తీసేయాలా, అప్పడాల కట్ట చేతి సంచిలోకి మార్చాలా అని అర్ధరాత్రి దాకా చర్చ. తూకం సరిపోతే టెన్షన్ తీరినట్టే. కానీ ఆ ప్రయాణం విమానం దిగడంతో ముగిసిపోదు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దిగినవాళ్లు అక్కడి స్టేషన్ నుంచే ఐసీఈ అనే వేగ రైలెక్కి తమ యూనివర్సిటీ ఊరికి వెళ్లాలి. పారిస్‌లో దిగినవాళ్లకు విమానాశ్రయం లోపలే ఫ్రాన్స్ వేగ రైలు టీజీవీ స్టేషన్ ఉంది. రెండు పెద్ద పెట్టెలు, ఒక చేతి పెట్టె, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, రాత్రంతా నిద్రలేని కళ్లు. నా ఉద్దేశంలో మన పిల్లల సామాను అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉండేది ఈ మొదటి రైల్లోనే. దానికి కారణం అక్కడి దొంగల తెలివి ఒక్కటే కాదు, ఇక్కడ మనం సర్దిన తీరు కూడా.

రైలు ప్రయాణం మనకు కొత్తేమీ కాదు. కోణార్క్‌లోనో కోరమాండల్‌లోనో ఎక్కగానే పెట్టెను సీటు కిందికి తోసి, గొలుసుతో కట్టి, తాళం వేసి, ఎదుటి సీటు పెద్దాయనకు ఒక మాట చెప్పి టీ తాగడానికి దిగుతాం. సూరత్ వెళ్లే గంజాం కూలీ నుంచి పెళ్లికి వెళ్లే కుటుంబం దాకా అందరిదీ ఇదే పద్ధతి. ఎక్కించడానికి నలుగురు వస్తారు, దించుకోవడానికి ఇద్దరు వస్తారు. పెట్టె మన కిందే ఉంటుంది, మనం దాని మీదే పడుకుంటాం.

యూరప్ పగటి రైళ్లలో ఈ ఏర్పాటు ఉండదు. సీట్ల కింద పెద్ద పెట్టె పట్టదు, గొలుసు తగిలించే రింగు ఉండదు. పెద్ద సామాను బోగీ చివర తలుపు పక్కనున్న అరల్లోనో, నడుమ సీట్ల వెనకాల ఖాళీల్లోనో పెట్టాలి. సీటు మాత్రం ఎక్కడో మధ్యలో వస్తుంది. చాలా స్టేషన్లలో రైలు రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. తలుపు మూసుకునే క్షణం ముందు ఎవరో పెట్టె పట్టుకుని దిగిపోతే, మనకు తెలిసేసరికి రైలు కదిలిపోయి ఉంటుంది. పెట్టె ఎక్కిస్తానని సాయానికి వచ్చే మనిషి, టికెట్ మెషీన్ దగ్గర దారి అడిగే మనిషి, బట్టల మీద ఏదో ఒలకబోసి తుడవబోయే మనిషి, వీళ్ల పని మన చూపును మళ్లించడమే. రెండు చేతులా పెట్టెలున్నవాడికి వీపు మీది బ్యాగును కాపాడుకునే మూడో చేయి ఎక్కడిది?

అందుకే సామాను పెట్టే అర దగ్గరగా, అది కనిపించే సీటు బుక్ చేసుకోవాలి. సన్నటి కేబుల్ తాళంతో పెట్టెను అర కమ్మీకి కట్టుకోవడం మంచిదే. ఇంటి దగ్గరి లావు గొలుసు మోసుకెళ్లనక్కర్లేదు. రైలు ఆగిన ప్రతిసారీ లేచి పెట్టె పక్కన నిలబడటం అన్నిటికన్నా మేలు. స్పెయిన్‌లో వేగ రైళ్లెక్కే ముందు బ్యాగులు స్కానింగ్ చేస్తారు. 2004 మాడ్రిడ్ బాంబు పేలుళ్ల అనుభవం దాని వెనుక ఉంది. ఆ తనిఖీ ఆయుధాల కోసం, దొంగల కోసం కాదు. పెట్టెలో వేసుకునే ఎయిర్‌ట్యాగ్ లాంటి చిన్న ట్రాకర్లు అది ఎక్కడుందో ఫోన్‌లో చెబుతాయి, వెనక్కి తెచ్చి ఇవ్వవు.

ఇంకొకటి మనవాళ్లు గట్టిగా గుర్తుంచుకోవాలి. ప్లాట్‌ఫారం మీద పెట్టెలు వదిలి నీళ్ల సీసా కోసం వెళ్లడం ఇక్కడ మామూలు విషయం. అక్కడ దిక్కులేని పెట్టె కనిపిస్తే పోలీసులు వస్తారు, రైళ్లు ఆపవచ్చు, పెట్టెను పేల్చేయవచ్చు కూడా. ఫ్రాన్స్ రైళ్లలో సామాను మీద పేరు చీటీ తప్పనిసరి. టీజీవీలో ఇద్దరు మోయాల్సినంత సామాను ఒక్కరే తేవడం ఇక కుదరదు. పెద్ద పెట్టెలు రెండే, అవీ ఒక్కోటి 70, 90, 50 సెంటీమీటర్ల కొలత దాటకూడదు. దాటితే 50 యూరోల జరిమానా.

సామాను పోతే రైల్వే నష్టం కట్టిస్తుందిలే అన్న ఆశ ఇక్కడా అక్కడా పెట్టుకోకూడదు. మన 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం, ప్రయాణికుడు తన దగ్గరే ఉంచుకున్న సామాను పోతే రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం ఉందని రుజువైతేనే బాధ్యత. ప్రయాణికుడి డబ్బు దొంగతనానికి గురైతే దాన్ని రైల్వే సేవాలోపంగా చూడలేమని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. యూరప్ నిబంధనల్లోనూ వెంట ఉంచుకున్న సామాను భారం ప్రయాణికుడిదే, రైల్వే తప్పుంటే తప్ప. యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసాకు చూపే 30,000 యూరోల బీమా వైద్యం కోసం. సామానుకు రక్షణ ఉందో లేదో పాలసీలో విడిగా చూసుకోవాలి.

కాబట్టి సర్దడంలోనే మార్పు రావాలి. మొదటి రైల్లో ఒక్కరే ఒక్క ఊపులో ఎత్తి ఎక్కించగలిగినంతే తీసుకెళ్లాలి. దుప్పటి, గిన్నెలు, కుక్కర్ లాంటివి అక్కడా దొరుకుతాయి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, డబ్బు, మార్కుల పత్రాలు పెట్టెలో ఎప్పుడూ ఉండకూడదు. ఒంటినంటుకున్న చిన్న సంచిలో ఉండాలి, నిద్రలో కూడా. బట్టల పెట్టె పోతే ఒక నెల ఇబ్బంది. పాస్‌పోర్టు పోతే అక్కడి పోలీసు రిపోర్టు, భారత కాన్సులేట్, కొత్త వీసా అంటూ సెమిస్టర్ మొదలే తలకిందులవుతుంది. పాస్‌పోర్టు బదులు కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇచ్చినా అది ఇండియాకు తిరిగి రావడానికే. ఒరిజినల్ డిగ్రీ పోతే బరంపురం యూనివర్సిటీ చుట్టూ ఇంట్లోవాళ్లు తిరగాలి.

ఈ విషయంలో జపాన్ దారి నాకు నచ్చింది. టోక్యో, ఒసాకాల మధ్య తిరిగే షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు 2020 మే నుంచి స్థలం ముందే రిజర్వ్ చేసుకోవాలి. అలా చేస్తే పెట్టె మన సీటు వెనకే ఉంటుంది. లేదంటే తక్క్యూబిన్ అనే సామాను కొరియర్ వాళ్లకిస్తే సాధారణంగా మర్నాటికి గమ్యానికి చేరుస్తారు, మనం చేతులూపుకుంటూ రైలెక్కవచ్చు.

యూరప్‌లో దొంగతనం కళ్లెదుటే జరుగుతుంటే 112కు ఫోన్ చేయాలి, ఫ్రాన్స్ రైళ్లలో అయితే 3117కు. ఈ నంబర్లు, రైలు మారే స్టేషన్ పేరు, అక్కడ ఎంత సమయం ఉంటుందో రాసిన కాగితం పిల్లవాడి జేబులో ఉండాలి. మన పట్టణాల్లో విదేశీ చదువుల కన్సల్టెన్సీలు వీసా ఇంటర్వ్యూకు రోజుల తరబడి తర్ఫీదు ఇస్తాయి. విమానాశ్రయం నుంచి హాస్టల్ దాకా సాగే ఈ కొన్ని గంటల గురించి కూడా ఒక పూట కూర్చోబెట్టి చెప్పాలి. ఆ పూట తల్లిదండ్రుల్నీ పిలవాలి, పెట్టెలో ఏం పెట్టాలో చాలా ఇళ్లలో తేల్చేది వాళ్లే కనుక.