సవరణ: బర్నౌట్, సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ ఒకటి కావు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగుల ఇళ్లకు తిరిగే ఆశా కార్యకర్తలు, కౌన్సెలర్ల గురించి మొన్న ఒక పోస్టు పెట్టాను. ఇతరుల కష్టాలు విని వచ్చే ఒత్తిడి కూడా బర్నౌటేనని (అంటే పనివల్ల పూర్తిగా అలిసిపోవడమేనని), ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకే వస్తుందని, సెలవు పెడితే పోతుందని అందులో రాశాను. అది తప్పు. మానసిక వైద్యుల వివరణలు చదివాక సరిచేస్తున్నాను.

బర్నౌట్ పనిభారంతో మెల్లగా పేరుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని వృత్తికి సంబంధించిన స్థితిగా చెప్పింది, జబ్బుగా కాదు. ఇతరుల ఘోరమైన అనుభవాలు విని వచ్చే ఒత్తిడి, అంటే సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్, అలా కాదు, ఉన్నట్టుండి మొదలవ్వచ్చు. ఎదుటివాళ్లు చెప్పిన ఘోరం తన కళ్లముందే జరిగినట్టు మెదులుతుంది. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, ఆ ఇంటివైపు వెళ్లాలంటే వెనకాడటం: ఇవి పీటీఎస్‌డీని (ఘోర సంఘటన ఎదుర్కొన్నాక వచ్చే మానసిక సమస్యను) పోలిన లక్షణాలు. నిన్నగాక మొన్న చేరిన ఏఎన్‌ఎంకైనా రావచ్చు.

2018 తిత్లీ తుపాను, 2023 కంటకాపల్లి రైలు ప్రమాదం వంటివి జరిగినప్పుడు బాధితుల గోడు వినేది వీళ్లే. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే సెలవిచ్చి ఊరుకోవద్దు. బరువైన కేసులు పంచాలి, పై అధికారి కూర్చోబెట్టి మాట్లాడాలి, తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి ఉచితంగా, ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు.