సవరణ: ఆఫీసు ప్రింటర్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చే పద్ధతి

ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ ఒకే నెట్‌వర్క్ ప్రింటర్ పెట్టుకోవడం గురించి పోయిన వారం రాశాను కదా. అందులో, ప్రింటర్ ప్యానెల్లోకి వెళ్లి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) దగ్గర 192.168.1.50 అని కొట్టేస్తే చాలు, ఇక చూసుకోనక్కర్లేదు అన్నాను. అది తప్పు, పొరపాటు నాదే.

అడ్రస్ మారదు, నిజమే. కానీ ఆ నంబరు ప్రింటర్‌దని రౌటర్‌కి తెలియదు. డీహెచ్‌సీపీలో (పరికరాలకి అడ్రస్‌లు దానంతటదే ఇచ్చే పద్ధతి) రౌటర్ చివరి అంకెలను 2 నుంచి 254 వరకు పంచుతుంటే, ఏదో ఒక రోజు అదే 50ని ఎవరి ఫోన్‌కో ఇచ్చేయొచ్చు. మా దగ్గర అదే జరిగింది. సరిగ్గా పే స్లిప్పులు తీసే రోజు ప్రింటర్ ఆఫ్‌లైన్ అంది, కాసేపటికి దానంతటదే వచ్చింది, మళ్లీ పోయింది. కేబుల్ మార్చాం, డ్రైవర్ మళ్లీ వేశాం, పాపం టోనర్ కూడా ఊపి చూశాం!

రౌటర్, ప్రింటర్ మాన్యువల్స్ తిరగేస్తే అసలు పద్ధతి దొరికింది. ప్రింటర్ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ తీయండి. అందులో మ్యాక్ అడ్రస్ (ప్రింటర్ నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత గుర్తింపు) ఉంటుంది. రౌటర్లో అడ్రస్ రిజర్వేషన్ దగ్గర ఆ మ్యాక్‌కి 50 కేటాయించి, ప్రింటర్‌ని ఆటోమేటిక్‌లోనే వదిలేయండి. రిజర్వేషన్ లేని రౌటర్ అయితే పంచే నంబర్లను 100 నుంచి మొదలయ్యేలా మార్చండి, అప్పుడు చేత్తో 50 ఇచ్చినా గొడవ రాదు.

పోయిన వారం రాసినదాంట్లో, విండోస్‌లో ప్రింటర్‌ని స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్‌తో (అంటే దాని ఐపీ అడ్రస్ ఇచ్చి) యాడ్ చేయమన్న భాగం మాత్రం సరైనదే.