గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూకి అబద్ధాలు నేర్పుతున్న ఆ మెసేజ్ గురించి

అమెరికాలో పెళ్లి ఆధారంగా గ్రీన్ కార్డ్‌కి అప్లై చేసిన మన జంటలకు ఇంటర్వ్యూ నోటీసు వచ్చిందని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపిస్తారు. "మ్యారేజ్ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు తప్పక చదవండి" అని మొదలవుతుంది. భార్యాభర్తల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెడతారట, ఒక్క జవాబు తేడా వచ్చినా రిజెక్ట్ చేసి జీవితాంతం బ్యాన్ చేస్తారట, అందుకని వంద ప్రశ్నలకు ఇద్దరూ ఒకే జవాబు బట్టీ పట్టాలట. పెద్దలు కుదిర్చిన పెళ్లిని ఆఫీసర్లు నమ్మరు కాబట్టి ప్రేమ పెళ్లి అని చెప్పాలట. ఇద్దరివీ వేరే ఊళ్లలో ఉద్యోగాలైతే ఆ సంగతి ఎత్తకూడదట. పెళ్లి ఆల్బమ్ మొత్తం పట్టుకెళ్లాలట, లాయర్‌ని మాత్రం తీసుకెళ్లకూడదట. చివర్లో ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట: భార్య కోసం వేసిన పిటిషన్‌ని భర్త వెనక్కి తీసుకుంటే అంతా అయిపోయినట్టే, కార్డు చేతికొచ్చేదాకా ఏం జరిగినా సర్దుకుపోండి.

నేను ఈ దారిలో వెళ్లొచ్చినదాన్నే. నా భర్త అమెరికా పౌరుడు. నేను హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండగా మా పెళ్లి జరిగింది. పెద్దలు కుదిర్చిన సంబంధమే. ఇంటర్వ్యూ నాటికి నేను టెక్సస్‌లో, ఆయన న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాం. ఆ మెసేజ్ ప్రకారమైతే మేం రెండు అబద్ధాలు చెప్పాలి. రెండూ చెప్పలేదు. ఆ మెసేజ్‌లో కొన్ని ఉత్త తప్పులు, వాటివల్ల టెన్షన్ తప్ప పెద్ద నష్టం లేదు. కొన్ని సలహాలు మాత్రం నిజమైన కాపురం చేసుకుంటున్నవాళ్లను నేరుగా చిక్కుల్లోకి తోస్తాయి.

ముందు ఆ రెండు గదుల సంగతి. అమెరికాలోనే ఉండి అప్లై చేసిన జంటకు ఇంటర్వ్యూ యూఎస్‌సీఐఎస్ (గ్రీన్ కార్డ్ అర్జీలు చూసే ఇమిగ్రేషన్ శాఖ) ఫీల్డ్ ఆఫీసులో జరుగుతుంది. మామూలుగా ఇద్దర్నీ కలిపి ఒకే గదిలోకి పిలుస్తారు. చెయ్యెత్తించి నిజమే చెబుతామని ప్రమాణం చేయిస్తారు, పాస్‌పోర్టులు, లైసెన్సులు చూస్తారు. తర్వాత ఐ-130 (జీవిత భాగస్వామి కోసం వేసే పిటిషన్), ఐ-485 (గ్రీన్ కార్డ్ అర్జీ) ఫారాల్లో మనం రాసినవన్నీ ఒక్కొక్కటే సరిచూస్తారు. పేర్లు, పుట్టిన తేదీలు, అడ్రసులు, పాత పెళ్లిళ్లు ఏమైనా ఉంటే వాటి వివరాలు. మాకు ఎక్కువ సమయం పట్టింది దీనికే. ఆ మధ్యలో ఎలా కలిశారు, పెళ్లి ఎక్కడ, ఎవరెవరు వచ్చారు అని అడిగారు. ఇక జీవిత భాగస్వామి ఇండియాలోనే ఉండి వీసాకి అప్లై చేసుకుంటే, ముంబై కాన్సులేట్ ఇంటర్వ్యూకి ఆ ఒక్కరే వెళ్తారు. అక్కడ రెండు గదుల ప్రసక్తే రాదు.

విడివిడిగా కూర్చోబెట్టి అడగడం అసలు లేదని కాదు. ఆఫీసర్‌కి గట్టి అనుమానం వచ్చినప్పుడు అలా చేస్తారు. దాన్ని స్టోక్స్ ఇంటర్వ్యూ అంటారు. 1970లలో న్యూయార్క్‌లో అప్పటి ఇమిగ్రేషన్ శాఖ మీద నడిచిన కేసు నుంచి ఆ పేరు వచ్చింది. మెసేజ్ రాసినవాళ్లు దాన్ని బూచిగా చూపిస్తున్నారు గానీ, ఆ కేసు వేసింది జంటల తరఫున. దాని ఫలితంగా న్యూయార్క్ జిల్లాలో ముందుగా హక్కులు తెలియజేయాలి, లాయర్ ఉండనివ్వాలి, ఇంటర్వ్యూ రికార్డు చేయాలి, జవాబులు కలవకపోతే వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అనే పద్ధతి వచ్చింది. జవాబుల్లో తేడా రావడం మామూలే, దానికి వివరణ ఉండొచ్చు అని ఆ పద్ధతే ఒప్పుకుంటోంది.

ఒక్క తేడాకే రిజెక్ట్ అన్న మాటకు వస్తే, మా ఇంటర్వ్యూలో ఆఫీసర్ "ఈ సంబంధం ఎవరు తెచ్చారు?" అని అడిగారు. నా భర్త "మా పిన్ని" అన్నారు. అదే క్షణంలో నేను "మా నాన్న స్నేహితుడు" అన్నాను. ఆఫీసర్ టైప్ చేయడం ఆపి ఇద్దరి మొహాలూ చూశారు. ఆ అంకుల్‌దీ మా అత్తగారి చెల్లెలిదీ ఒకే అపార్ట్‌మెంట్. ఆయన ఆవిడకి చెప్పారు, ఆవిడ మా అత్తగారికి చెప్పారు. మా ఇంటికి సంబంధం తెచ్చింది ఆయన, వాళ్లింటికి తెచ్చింది ఆవిడ. ఈ ముక్క నా భర్త సగం చెబితే మిగతా సగం నేను చెప్పాను. ఆఫీసర్ రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లారు. ఈ ప్రశ్నకి కూడా ముందే ఒకే జవాబు అనుకుని వెళ్లుంటే, ఆ అపార్ట్‌మెంట్ కథ బయటికి వచ్చేదే కాదు.

చట్టం అడిగే రుజువు కూడా అంత కఠినమైనది కాదు. ఈ పెళ్లి నిజమైనది కాకపోవడం కంటే నిజమైనదే అయ్యే అవకాశం ఎక్కువ అని చూపిస్తే చాలు. సందేహాలుంటే ఇంకా ఆధారాలు పంపమని అడుగుతారు, లేదా తిరస్కరించే ఉద్దేశం ఉందని నోటీసు ఇచ్చి జవాబుకి గడువు ఇస్తారు. మీకు తెలియని వ్యతిరేక సమాచారం వాళ్ల దగ్గర ఉంటే, దాన్ని మీ ముందు పెట్టి మీ మాట వినాలని నిబంధనలే చెబుతున్నాయి. ఐ-130 తిరస్కరిస్తే అప్పీల్ కూడా ఉంది. జీవితాంతం వెంటాడే నిషేధం ఒకటి నిజంగానే ఉంది. కానీ అది కాగితాల కోసమే చేసుకున్న దొంగ పెళ్లి అని గట్టి ఆధారాలతో తేలినప్పుడు. మరచిపోయినవాళ్ల కోసం పెట్టింది కాదు. మొన్న రాత్రి ఏం వండారో గుర్తులేకపోతే "గుర్తులేదు" అనండి. ప్రమాణం చేసి చెప్పే చోట అంతకంటే మంచి జవాబు లేదు.

ఇక పెద్దలు కుదిర్చిన పెళ్లి. ఈ సలహా చూస్తే నాకు కోపం ఆగదు, ఎందుకంటే దీనివల్ల నష్టపోయేది నిజాయితీగా పెళ్లి చేసుకున్నవాళ్లే. చట్టం చూసేది ప్రేమించుకున్నారా లేదా అని కాదు. పెళ్లి చేసుకున్న సమయానికి ఇద్దరికీ కలిసి జీవించాలన్న ఉద్దేశం ఉందా లేదా అని. 1975లో బార్క్ కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఈ కొలమానాన్నే పెట్టింది. పౌరుల పెళ్లిళ్ల కంటే వలస వచ్చినవాళ్ల పెళ్లిళ్లు ఎక్కువ సంప్రదాయంగానో ఎక్కువ విజయవంతంగానో ఉండాలని అడగడానికి వీల్లేదని కూడా ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది.

పైగా మన పెళ్లిళ్లకి ఉన్నన్ని ఆధారాలు దేనికుంటాయి! బయోడేటా పంపిన ఈమెయిల్, జాతకాలు కలిశాయా లేదా అన్న మెసేజ్‌లు, పెళ్లిచూపులకి వెళ్లిన టికెట్లు, నిశ్చితార్థం ఫొటోలు, ఇద్దరి తల్లిదండ్రుల పేర్లున్న శుభలేఖ. వరసగా పెడితే తేదీలతో సహా మొత్తం కథ అందులోనే ఉంటుంది. ఇవన్నీ దాచేసి, కాలేజీలో ప్రేమించుకున్నామని చెబితే ఆ ప్రేమకి ఒక్క కాగితం చూపించగలరా? ఆఫీసర్ ఇంకో రెండు ప్రశ్నలు లోతుగా అడిగితే దొరికిపోతారు. అప్పుడు అది మతిమరుపు కింద పోదు. వీసా ప్రయోజనం కోసం ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పారని తేలితే, మినహాయింపు దొరికితే తప్ప, ఆ మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. ఆ మినహాయింపు కోసం పౌరులో గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లో అయిన భర్తకి, భార్యకి లేదా తల్లిదండ్రులకి తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపించాలి. మంచి పెళ్లి చేసుకుని ఆ స్థితికి ఎందుకు రావాలి?

ఇందులో నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది, ఆ మెసేజ్‌లో దాని ఊసే లేదు. వధూవరులు చెరో దేశంలో ఉండి వీడియోలో చేసుకున్న పెళ్లిని, ఆ తర్వాత ఇద్దరూ కలిసి కాపురం చేసేదాకా ఇమిగ్రేషన్ చట్టం పెళ్లిగా లెక్కలోకి తీసుకోదు. అలాగే గుడిలో పంతులుగారిచ్చిన పత్రం ఒక్కదాన్నే నమ్ముకోకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిన సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

వేరే ఊళ్లలో ఉద్యోగాల విషయం దాచమనడం ఇంకా అన్యాయం. ఐ-130, దానికి జతచేసే ఐ-130ఏ ఫారాల్లో ఇద్దరి గత 5 ఏళ్ల అడ్రసులు, ఉద్యోగాలు ముందే రాసి ఇచ్చాం కదా. కంపెనీ ఇచ్చే జీతం, ట్యాక్స్ వివరాల డబ్ల్యూ-2 ఫారంలో రాష్ట్రం పేరు ఉంటుంది. లైసెన్సు మీద అడ్రసు ఉంటుంది. ఇన్ని కాగితాలు ఒక మాట చెబుతుంటే మన నోరు ఇంకో మాట ఎలా చెబుతుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పి, దూరంగా ఉంటూ కాపురం ఎలా నడుపుతున్నామో చూపించడమే దారి. మేం విమాన టికెట్లు, కాల్ లాగ్‌లు, ఉమ్మడి ట్యాక్స్ రిటర్న్, ఇద్దరి పేర్లూ ఉన్న లీజు తీసుకెళ్లాం. నా కంపెనీకి బదిలీ కోసం పెట్టుకున్న అర్జీ కాపీ కూడా ఫైల్లో పెట్టాం. ఎవరు ఎవరి దగ్గరికి వస్తుంటారు, ఎప్పటికి ఒకచోట చేరాలనుకుంటున్నారు అని ఆఫీసర్ అడిగారు. అడగాల్సిన ప్రశ్నలే. జవాబులు మా దగ్గర ఉన్నాయి, ఎందుకంటే ఇంట్లో మేం రోజూ మాట్లాడుకునేది అదే.

ఆల్బమ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వెయ్యిమంది వచ్చిన పెళ్లి వీడియో ఒక్క రోజునే చూపిస్తుంది. నిబంధనల్లో పేర్కొన్న ఆధారాలు ఉమ్మడి ఆస్తి, ఇద్దరి పేరుమీద లీజు, కలిసిపోయిన డబ్బు లెక్కలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, తెలిసినవాళ్ల అఫిడవిట్లు. నోటీసు వచ్చాక తెరిచి వంద డాలర్లు వేసిన జాయింట్ అకౌంట్ వల్ల ఉపయోగం లేదు. అద్దె, కరెంటు బిల్లు, కిరాణా ఒకే అకౌంట్‌లోంచి నెలనెలా పోతున్న స్టేట్‌మెంట్ ఉంటే బలం. ఫొటోలు కొన్ని చాలు, వేరువేరు సమయాల్లోవి, ఇరువైపుల బంధువులతో ఉన్నవి.

లాయర్‌ని తీసుకెళ్లడం మీ హక్కు. లాయర్ మన తరఫున వస్తున్నారని తెలిపే జీ-28 ఫారం ఉన్నదే దానికి. గతంలో అరెస్టు, అమెరికాలో ఉండటానికి ఇచ్చిన గడువు దాటి ఉండటం, పాత పెళ్లి మీద వేసిన పిటిషన్ లాంటివి ఏవైనా ఉంటే లాయర్ లేకుండా వెళ్లకండి. ఇంగ్లిష్ సరిగా రాకపోతే దుబాసీని తీసుకెళ్లండి. భర్తో భార్యో అనువాదం చేస్తామంటే ఒప్పుకోకపోవచ్చు, అందుకే మూడో మనిషిని ముందే మాట్లాడుకోవాలి. ఐ-485లో అవును, కాదు అని జవాబివ్వాల్సిన ప్రశ్నలు చాలా ఉంటాయి, ఆఫీసర్ వాటిని గబగబా చదువుకుంటూ పోతారు. అర్థం కాకపోయినా మర్యాదకి తల ఊపే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ గదిలో మాత్రం వద్దు. అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

చివరిది, ఆడవాళ్లకి సర్దుకుపొమ్మని చెప్పిన మాట. దీన్ని రాసినవాళ్లకి చట్టం తెలియదు, తెలియకుండానే ఎంతోమంది ఇళ్లల్లోకి భయాన్ని పంపుతున్నారు.

కార్డు వచ్చేనాటికి పెళ్లయి 2 ఏళ్లు నిండకపోతే 2 ఏళ్ల షరతులతో కార్డు ఇస్తారు. 1986 చట్టంతో వచ్చిన పద్ధతి ఇది. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 ఫారం వేయాలి. ఈ "ఇద్దరూ కలిసి" అన్నదాన్నే కొందరు భర్తలు ఆయుధంగా వాడతారు. సంతకం పెట్టను, ఇండియాకి పంపించేస్తా అంటారు. కానీ విడాకులైపోయినా, ఆ పెళ్లి మంచి ఉద్దేశంతో చేసుకున్నదే అని చూపిస్తే ఒక్కరే ఐ-751 వేసుకోవచ్చు. కొట్టినా, మానసికంగా హింసించినా భర్త సంతకం లేకుండానే వేయొచ్చు, దానికి విడాకులు తీసుకుని ఉండాల్సిన పని కూడా లేదు.

అసలు కార్డే రాలేదనుకోండి, పిటిషన్ వెనక్కి తీసుకుంటానని బెదిరిస్తున్నాడనుకోండి. 1994 నాటి చట్టం కింద, హింసకు గురైన భార్య ఐ-360 ఫారంతో తన పిటిషన్ తానే వేసుకోవచ్చు. భర్త అమెరికా పౌరుడో గ్రీన్ కార్డ్ ఉన్నవాడో అయి ఉండాలి. అతని సంతకం అక్కర్లేదు, అతనికి తెలియాల్సిన అవసరం లేదు. ఆ కేసు వివరాలు అతనికి చెప్పకూడదని అధికారుల మీద చట్టమే ఆంక్ష పెట్టింది. భార్య చేతిలో హింస పడుతున్న మగవాళ్లకి కూడా ఇదే దారి ఉంది. హెచ్-1బీ భర్త మీద ఆధారపడి హెచ్-4లో ఉన్నవాళ్లకి ఈ ఫారం వర్తించదు. వాళ్లు లాయర్‌తో వేరే దారుల గురించి మాట్లాడాలి.

ఆ మెసేజ్ మీ గ్రూపులోకి మళ్లీ వస్తే మిగతా వాదనంతా పక్కన పెట్టినా పర్వాలేదు, దాని కింద ఈ నంబర్ మాత్రం పెట్టండి: 1-800-799-7233. గృహహింస బాధితుల కోసం అమెరికా అంతటా 24 గంటలూ పనిచేసే హాట్‌లైన్ ఇది. ఇంగ్లిష్ రానివాళ్లు దుబాసీని అడగవచ్చు. ఇంట్లో ఫోన్ చెక్ చేసే మనిషి ఉంటే స్నేహితురాలి ఫోన్‌లోంచి చేయమని కూడా రాయండి.