రాత్రి రెండింటికి తలుపు తీసిన పార్టీ

రాత్రి రెండు గంటలకు కాలింగ్ బెల్ మోగింది. ఒక బార్ పనివాడు వచ్చి, ఒక సారా కొట్టు యజమానిని పోలీసులు పట్టుకెళ్లారని మొరపెట్టుకున్నాడు. ఇంటాయన స్టేషన్‌కు వెళ్లి జామీను ఇచ్చి, మూడింటికి మళ్లీ పడుకున్నాడు. ఆరింటికి ఫైరింజన్ల మోత. ఇల్లు కాలిపోయిన వాళ్లకు తిండి, బట్టలు, తలదాచుకునే చోటు చూశాడు. కోర్టుకు వెళ్లి, అద్దె కట్టలేక వీధిన పడబోతున్న ఒక కుటుంబం బకాయి కట్టాడు. రాత్రి పార్టీ క్లబ్బులో కూర్చుని, పోలీసులు వేధిస్తున్నారన్న తోపుడు బండ్ల వాళ్ల గోడు విన్నాడు.

న్యూయార్క్ డెమొక్రటిక్ నాయకుడు జార్జ్ వాషింగ్టన్ ప్లంకిట్ దినచర్య ఇది. 1905లో ఒక విలేకరి దీన్ని అచ్చు వేయించాడు. ఇందులో కొంత గొప్ప చెప్పుకోవడం ఉండొచ్చు. కానీ వార్డు స్థాయిలో పార్టీ అంటే జనానికి ఏమిటో ఇంత దగ్గరగా చూపించినది నాకు ఇంకొకటి కనిపించలేదు.

ప్లంకిట్ టామనీ హాల్ మనిషి. న్యూయార్క్ డెమొక్రటిక్ పార్టీని నడిపించిన సంస్థ అది. 1780లలో పుట్టినప్పుడు టామనీ పార్టీ కాదు, అమెరికా మూలవాసులైన లెనాపే తెగ పెద్ద టామనెండ్ పేరు పెట్టుకున్న స్నేహ సంఘం. 1800 ఎన్నికల్లో న్యూయార్క్ నాయకుడు ఆరన్ బర్ కోసం పనిచేయడంతో దానికి రాజకీయం వంటబట్టింది. ఐరిష్ వలసదారులను మొదట్లో దగ్గరకు రానివ్వలేదు. 1817లో వాళ్లు హాల్లోకి చొరబడి, తమ మనిషికి టికెట్ ఇవ్వాలని గొడవ చేశారు. తర్వాత్తర్వాత ఆ హాలే వాళ్ల చేతికి వచ్చింది.

టామనీ అనగానే దాని ఒకప్పటి అధినేత బాస్ ట్వీడ్ గుర్తొస్తాడు. కోర్టు భవనం కడుతున్నామంటూ అతని ముఠా ఖజానాను దోచుకుంది. 1873లో అతనికి శిక్ష పడింది, 1878లో జైల్లోనే చనిపోయాడు. అయితే దోపిడీ కథ ఒక్కటే చెప్పి ఊరుకుంటే, పేదలు అన్నేళ్లు ఆ పార్టీని ఎందుకు వదల్లేదో అర్థం కాదు. ఓటు అమ్ముకున్నారనడం వాళ్లను అవమానించడమే. సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను, నిరుద్యోగ భృతి లేని రోజులవి. కష్టం వస్తే ఎవరి తలుపు తట్టాలో మాత్రం వాళ్లకు తెలుసు.

ఆ సాయం ఊరికే రాలేదన్నది నిజం. హక్కుగా అందాల్సింది దయగా అందింది, బదులుగా పార్టీ ఓటు అడిగింది. నా అభ్యంతరమంతా ఇక్కడే. ఆ లెక్క మార్చినవాళ్లు కూడా టామనీ నుంచే రావడం ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించే విషయం. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ మంటల్లో 146 మంది చనిపోయారు. టామనీలో ఎదిగిన రాబర్ట్ వాగ్నర్, ఆల్ స్మిత్ విచారణ సంఘం నడిపి ఫ్యాక్టరీ చట్టాలు తెచ్చారు. సెనేటర్ అయ్యాక వాగ్నర్ 1935లో కార్మిక సంఘాల హక్కుల చట్టం తెచ్చాడు, అదే ఏడాది వచ్చిన సోషల్ సెక్యూరిటీ బిల్లును సెనేట్‌లో పెట్టిందీ అతనే. ముసలివాళ్లకు, పని పోయినవాళ్లకు డబ్బు నేరుగా అందడం మొదలయ్యాక క్లబ్బు గడప తొక్కే అవసరం తగ్గింది. 1943లో టామనీ తన భవనాన్ని ఒక బట్టల కార్మికుల యూనియన్‌కు అమ్మేసింది.

1950లలో న్యూయార్క్‌లోని గ్రీన్‌విచ్ విలేజ్ అనే పేటలో విలేజ్ ఇండిపెండెంట్ డెమొక్రాట్స్ అనే సంస్కరణ క్లబ్బు పుట్టింది. బాసుల పెత్తనం మీద మాజీ అధ్యక్షుడు రూజ్వెల్ట్ భార్య ఎలినార్ రూజ్వెల్ట్ కూడా గట్టిగా పోరాడింది. 1961లో టామనీ బాస్ కార్మైన్ డిసాపియో తన సొంత పేట అయిన ఆ విలేజ్‌లోనే పార్టీ నాయకత్వ ఎన్నికలో ఓడిపోయాడు. 1963లో మళ్లీ నిలబడితే ఆ సంస్కరణ క్లబ్బు మనిషి ఎడ్ కాచ్ అతన్ని 41 ఓట్లతో ఓడించాడు. పార్టీలో సభ్యుల మాటకు విలువ రావడం మంచిదే, నేను కాదనను. కానీ కొత్త క్లబ్బుల్లో కూర్చున్నది ఎక్కువగా చదువుకున్న మధ్యతరగతి. తోపుడు బండివాడు పొద్దుపోయాక అక్కడికి వెళ్తే అతని పోలీసు గొడవ వినే మనిషి ఉన్నాడా అన్న ప్రశ్న నన్ను వదలదు.

1964లో న్యూయార్క్‌లోని నల్లజాతీయుల పేట హార్లెమ్ నాయకుడు జె. రేమండ్ జోన్స్ టామనీ అధినేత అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి నల్లజాతీయుడు ఆయనే. ఐరిష్ వాళ్లకు, ఇటాలియన్లకు ఒకప్పుడు ఉద్యోగాలు, కాంట్రాక్టులు తెచ్చిపెట్టిన కుర్చీ అది. హార్లెమ్ వంతు వచ్చేసరికి అందులో పస పోయింది.