‘డై ఎక్కించుకోవద్దు’ అంటున్న ఆడియోకి జవాబు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. మాట్లాడేది ఎవరో పేరు లేదు గానీ గొంతులో ధీమా మాత్రం చాలా ఉంది. స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనబడడానికి నరంలోకి ఎక్కించే మందు, అంటే డై, రేడియేషన్ నిండిన విషమట. దానితో కిడ్నీలు పోతాయట. రొయ్యలు పడనివాళ్లకి ప్రాణాపాయమట. డై లేని ప్లెయిన్ స్కాన్‌లోనే అంతా కనబడుతుంది కనుక డై రాసేది బిల్లు కోసమేనట. చివర్లో అసలు సలహా: కేన్సర్ గడ్డకి మాత్రమే అంటుకునే ‘స్మార్ట్ డై’ విదేశాల్లో వచ్చేసింది, ఇక్కడ దాచిపెడుతున్నారు, అది వచ్చేదాకా స్కాన్ జోలికి వెళ్లకండి అని.

నేను బరంపురంలో స్కాన్ గదిలో పనిచేస్తాను. డాక్టరు రాసిన చీటీ చేత్తో పట్టుకుని, "ప్లెయిన్‌గానే తీసేయండి బాబూ, ఆ మందు వద్దు" అని బతిమాలేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. కొందరైతే తీయించుకోకుండానే బస్సెక్కేస్తున్నారు. అది చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ముందు రేడియేషన్ సంగతి. సీటీ డైలో ఉండేది అయోడిన్. దాని అణువు బరువైనది, ఎక్స్‌రేలను బాగా అడ్డుకుంటుంది. అందుకే అది చేరిన చోటు ఫిల్ము మీద తెల్లగా వస్తుంది. సీటీలో రేడియేషన్ వచ్చేది మెషీన్ నుంచి, డై నుంచి కాదు. ఎంఆర్ఐలో వాడేది గడోలినియం అనే లోహం ఉన్న మందు. అదీ రేడియోధార్మికం కాదు, అసలు ఎంఆర్ఐలో ఎక్స్‌రేలే ఉండవు. నిజంగా రేడియోధార్మికమైనవి పెట్ లాంటి కొన్ని స్కాన్ల మందులే. ఒంట్లో చేరిన మందు నుంచి వచ్చే రేడియేషన్‌ని పట్టి బొమ్మ తీసేది పెట్, దాని సంగతి చివర్లో చెబుతాను.

కిడ్నీల భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. మన దగ్గర ఆ భయానికి కారణం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస అంతా ఉద్దానం, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ప్రాంతం. మనలో చాలామందికి అక్కడ చుట్టాలున్నారు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లనీ చూశాం. అలాంటి ఇంట్లో ఆడియో వింటే గుండె ఝల్లుమంటుంది. కానీ డై ఎక్కించే ముందు క్రియాటినిన్ అనే రక్తపరీక్ష అడిగేది సరిగ్గా ఇందుకే. ఆ అంకె, వయసు కలిపి కిడ్నీ ఎంత వడపోస్తోందో లెక్క కడతారు. దాన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు. అది 30 పైన నిలకడగా ఉన్నవాళ్లకి సీటీ డైతో కిడ్నీ దెబ్బతినే అవకాశం చాలా తక్కువ. 30 కంటే తక్కువైతే డాక్టరు ఆగి ఆలోచిస్తారు. సెలైన్ పెట్టి చేయాలా, అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టాలా, వేరే దారి ఉందా అని చూస్తారు. అలా కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, డై తర్వాత 48 గంటలు దాన్ని ఆపమంటారు.

గడోలినియం విషయంలో నిజంగానే ఒక చెడ్డ అధ్యాయం ఉంది. కిడ్నీలు దాదాపు పనిచేయని రోగుల్లో చర్మం గట్టిపడిపోయే జబ్బుకి కొన్ని పాతరకం గడోలినియం మందులతో సంబంధం ఉందని 2006లో బయటపడింది. 2014లో, ఈ లోహం జాడలు మెదడులో మిగులుతున్నాయని జపాన్ డాక్టర్లు చూపించారు. ఆ జాడల వల్ల జబ్బు వచ్చినట్టు ఇంతవరకూ రుజువు కాలేదు, అయినా 2017లో యూరప్‌లో పాతరకం మందులు చాలావాటిని ఆపేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడేవి లోహాన్ని వలయంలో బిగించి పట్టుకునే రకాలు. ఇదేదీ ఎవరూ దాచలేదు, ఇన్నేళ్లుగా బహిరంగంగానే ఉంది, దాన్ని బట్టే మందులు మారాయి.

రొయ్యల మాట చిన్నదే గానీ చిలికా ఒడ్డున ఉన్నవాళ్లం కనుక మన దగ్గర తెగ పాకింది. రొయ్యలు, పీతలు పడకపోవడానికి ప్రధాన కారణం వాటిలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. దానికీ అయోడిన్‌కీ సంబంధం లేదు. అడగాల్సింది ఇంతకుముందు ఎప్పుడైనా ఈ డైకే దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అని. ఇప్పటి సీటీ డైలతో తీవ్రమైన రియాక్షన్ పదివేలమందిలో నలుగురికి వస్తుంది. తక్కువే, కానీ సున్నా కాదు. అందుకే అత్యవసర మందులు పక్కనే పెట్టుకుంటాం, అయ్యాక కాసేపు కూర్చోబెడతాం.

ఒళ్లంతా వేడెక్కడం మాత్రం రియాక్షన్ కాదు. డై వెళ్లిన కొన్ని సెకన్లలో గొంతు నుంచి పొత్తికడుపు దాకా వెచ్చగా పాకుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. చాలామంది ఆడవాళ్లకి బట్టలు తడిసిపోయినట్టే అనిపించి సిగ్గుతో బిగుసుకుపోతారు. మా దగ్గర టెక్నీషియన్ ఒడియాలో "గరం లాగిబ" (వేడిగా అనిపిస్తుంది) అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతాడు, తెలుగు మాత్రమే వచ్చిన పెద్దావిడకి అది అందదు. ఆవిడ టెన్షన్ పడి, ఇంటికెళ్లి "లోపల కాలిపోయిందమ్మా" అని చెబుతుంది. ఇలాంటి ఆడియోలకి బలం ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం. సంతకం పెట్టించుకునే కాగితంలో నాలుగు తెలుగు వాక్యాలు ఉండాలని నేను అడుగుతూనే ఉన్నాను.

ఇక ‘ప్లెయిన్ చాలు’ అన్న మాట. కిడ్నీలో రాయికీ, ఎముక విరిగినదానికీ, తలలో రక్తస్రావానికీ ప్లెయిన్ చాలు. గడ్డ కోసమైతే చాలాసార్లు చాలదు. లివర్‌నే తీసుకోండి. ప్లెయిన్ సీటీలో గడ్డా లివరూ ఒకే బూడిదరంగులో కలిసిపోవచ్చు. మామూలు లివర్‌కి రక్తంలో ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర నుంచి వస్తుంది. లివర్‌లోనే పుట్టిన కేన్సర్‌కి ఎక్కువగా ధమని నుంచి వస్తుంది. డై ముందు చేరేది ధమనుల్లోకే, అందుకని ఎక్కించిన దాదాపు 35 సెకన్లకి తీసిన బొమ్మలో గడ్డ ముందుగా వెలుగుతుంది. 70 సెకన్ల దగ్గర, ఆ తర్వాత తీసినవాటిలో లివర్ వెలిగి గడ్డ నల్లబడుతుంది. సిరోసిస్ (లివర్ గట్టిపడిపోయే జబ్బు) ఉన్నవాళ్లలో ఈ వెలగడం, నల్లబడడం స్పష్టంగా ఉంటే చాలాసార్లు ముక్క తీసి పరీక్షించకుండానే కేన్సర్ అని చెప్పగలరు. డై లేకుండా ఈ కబురు ఏ మెషీనూ చెప్పదు. దాన్ని బిల్లు అంటే నాకు కోపం వస్తుంది.

ఆఖరిది, అన్నిటికన్నా ప్రమాదమైనది: స్మార్ట్ డై కోసం ఆగమనడం.

గురిపెట్టి వెళ్లే మందులు ఉన్నాయి, ఎవరూ దాచలేదు. ప్రోస్టేట్ కేన్సర్ కణాల మీద పీఎస్ఎంఏ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది, దానికి అతుక్కునే రేడియోధార్మిక గాలియం మందుకి అమెరికాలో 2020 డిసెంబరులో అనుమతి వచ్చింది. దానితో తీసే పెట్ స్కాన్ మన దేశంలోనూ చేస్తున్నారు. కానీ అదే మందు లాలాజల గ్రంథుల్లోనూ, కిడ్నీల్లోనూ వెలుగుతుంది. మామూలు పెట్‌లో వాడే ఎఫ్‌డీజీ చక్కెరలాంటిది. గడ్డతో పాటు మెదడూ దాన్ని లాక్కుంటుంది, టీబీ పుండూ లాక్కుంటుంది. మన జిల్లాల్లో టీబీ ఎంత ఉందో తెలిసినవాళ్లెవరూ వెలిగిన మచ్చనల్లా కేన్సర్ అనరు. ‘కేన్సర్‌కి మాత్రమే’ అంటుకునేది ఇంతవరకూ ఏదీ రాలేదు.

విదేశాల్లో గడ్డ మెరిసిపోతోందంటూ ఆడియోతో పాటు పంపుతున్న వీడియో ఆపరేషన్ గదిది. పాఫోలాసియానిన్ లాంటి మందు ఇచ్చి, పొట్ట తెరిచాక ప్రత్యేక కెమెరాతో చూస్తే అండాశయ కేన్సర్ ముక్కలు మెరుస్తాయి. దీనికి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. ఆ కాంతి ఒంట్లో లోతు నుంచి బయటికి కనబడదు. కనుక అది మిగిలిపోయిన ముక్కలు వెతకడానికి సర్జన్‌కి పనికొస్తుంది, జబ్బు ఉందో లేదో చెప్పే స్కాన్‌కి ప్రత్యామ్నాయం కాదు.

మరి ఎంఆర్ఐకే అలాంటి డై ఎందుకు రాలేదు? గడ్డ కణం మీద అతుక్కునే చోట్లు కొద్దిగానే ఉంటాయి, ఎంఆర్ఐకి కనబడాలంటే గడోలినియం చాలా ఎక్కువగా పోగవ్వాలి. పెట్‌కి అందులో వెయ్యో వంతు కంటే తక్కువ చాలు, అందుకే గురిపెట్టే మందులు ముందు అటే వెళ్లాయి. ఊరూరా పెట్ లేకపోవడానికీ కుట్ర అక్కర్లేదు. ఎఫ్‌డీజీలోని రేడియోధార్మిక ఫ్లోరిన్ 110 నిమిషాలకొకసారి సగమైపోతుంది. విశాఖలో కారెక్కించి నాలుగున్నర గంటల్లో బరంపురం తెస్తే ఐదోవంతు కూడా మిగలదు.

డాక్టరు డైతో స్కాన్ రాస్తే ఈ వారంలోనే తీయించుకోండి. కొత్త క్రియాటినిన్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, పాత స్కాన్ సీడీ తెచ్చుకోండి. గర్భం ఉన్నా, ఇంతకుముందు డై పడకపోయినా సూది వేయకముందే చెప్పండి. ఒడియా అర్థం కాకపోతే తెలుగు వచ్చినవాళ్లని పిలవమని అడగండి, మా వార్డుల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు.